రేకు మీద పథ్యం

ఫిబ్రవరి 6

చిట్టితల్లీ,

ఏమీ లేదట! నీ పొట్టలో ఏమీ లేదట! క్షేమసమాచారాలు తర్వాత రాస్తాను, ముందు ఇది చదువు. నాలుగు పరీక్షలు చేశారు కదా, నాలుగూ శుభ్రం. గడ్డ లేదు, పుండు లేదు, కోత అక్కర్లేదు. ఫోనులో చెబుదామంటే నీ మాట నాకు వినపడదు, నా అరుపులకి మీ బావ లేచి వీధిలోకి పోతాడు. అందుకే పెన్ను పట్టుకున్నాను. తొందరలో అక్షరాలు వంకర పోతే ఏమనుకోకు.

నువ్వు సంతకం పెట్టి ఇచ్చిన చీటీ చూపించగానే కవరు ఇచ్చారు. ఆరేళ్ళ కింద మీ అమ్మ కాగితాలు ఇచ్చిన కిటికీయే. కవరు విప్పడానికి ధైర్యం చాలక బెంచీ మీద అరగంట కూర్చున్నాను. పక్కనున్న ముసలావిడ, "ఏం బాబూ, లోపల తేలేమైనా ఉందా?" అంది. చివరికి విప్పకుండానే డాక్టరు చేతిలో పెట్టాను. నా చెవి సంగతి ఆయనకి గుర్తుంది. "మీ అమ్మాయికి కేన్సర్ లేదు పెద్దాయనా!" అని అరిచి చెప్పాడు. వరండాలో వాళ్ళంతా తిరిగి చూశారు. చేతికి కట్టు ఉన్న ఒకాయన ఒంటిచేత్తో తొడ మీద చప్పట్లు కొట్టాడు, నీ మీద ఒట్టు.

నీ జబ్బుకి పేరు పొడుగ్గా ఉంది. ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్. పేగు చూడటానికి బాగానే ఉంటుందట, కానీ కొన్ని తిళ్ళు పడగానే చిరాకుపడి మెలితిరుగుతుందట. నా ముక్కోపం పోయి పోయి నీ పేగులో దూరిందన్నమాట. ఏ తిండికి చిరాకో కనిపెట్టి దాన్ని దూరం పెడితే చాలన్నాడు. ఇదొక జబ్బా తల్లీ!

కింది అంతస్తులో తిండి సంగతులు చెప్పే ఆవిడ ఉంది. నువ్వు సెలవైపోయి ఉద్యోగానికి వెళ్ళిపోయావని చెబితే నాకే ఒక కాగితం ఇచ్చి చాలాసేపు మాట్లాడింది. ఆవిడది మెత్తటి గొంతు. సగం వినపడలేదు, మళ్ళీ అడగడానికి మొహమాటపడ్డాను. "అంతా ఇందులో ఉందండీ" అన్నది మాత్రం బాగా వినపడింది. ఇంటికి రాగానే ఆ కాగితం ఎక్కడా పోకుండా, వెనకంతా జిగురు పూసి నా పనిబల్ల పైన గోడకి అంటించేశాను. తర్వాత రెండడుగుల రేకు తీసి, తెల్ల ఎనామిల్ రంగు పూసి, పైన ఎర్రరంగుతో "తినకూడనివి" అని రాశాను. కింద నీలంతో ఒక్కొక్కటీ: ఉల్లి, వెల్లుల్లి, గోధుమ, పాలు, బీన్సు, క్యాబేజీ, యాపిల్, పుట్టగొడుగులు, తేనె. నలభై ఏళ్ళుగా ఊళ్ళో సగం దుకాణాలకి బోర్డులు రాశాను కానీ, ఇంత ముద్దైన అక్షరాలు ఎవరికీ రాయలేదు. పార్సెల్ చేసి పంపాను. నీ వంటింట్లో కంటికి ఎదురుగా తగిలించుకో.

అందరికీ చెప్పేశాను.

సంతోషంతో కాళ్ళు నేల మీద నిలవని
మీ నాన్న


ఫిబ్రవరి 19

నాన్నా,

బోర్డు వచ్చింది. పార్సెల్ విప్పుతుంటే నాతో గది పంచుకునే నర్సు, "హోటల్ పెడుతున్నావా? తినకూడనివి అని రాస్తే ఎవడొస్తాడు?" అని పడీపడీ నవ్వింది. పొయ్యికి ఎదురుగా తగిలించాను. అక్షరాలు నిజంగానే ముద్దుగా ఉన్నాయి.

మీరు ఆ బెంచీ మీద అరగంట కూర్చున్నారని చదివి నేనూ కాసేపు అలాగే కూర్చున్నాను. అమ్మ మనసులో మెదిలే ఉంటుంది మీకు. మీ సంతోషం నాకు అర్థమైంది. కానీ "ఏమీ లేదట" అన్న మాట దగ్గర ఆగిపోయాను నాన్నా. ఉంది. అందుకే కదా పరీక్షలకి వచ్చాను.

నేను నడిపే బస్సు ఈ చివరి నుంచి ఆ చివరికి వెళ్ళడానికి గంటా నలభై నిమిషాలు. ముప్ఫై రెండు స్టాపులు. నాకు స్టాపుల పేర్లకంటే ముందు మరుగుదొడ్లు గుర్తొస్తాయి. తొమ్మిదో స్టాపులో పెట్రోలు బంకు, తాళం అడగాలి. పదిహేడులో గ్రంథాలయం, సోమవారం మూత. ఇరవై ఆరు దాకా ఇంకేం లేదు. జనవరిలో ఒకరోజు పొట్టలో మెలి మొదలైతే పదిహేడులో బస్సు ఆపి, నలభై మందిని వదిలేసి పరుగెత్తాను. తిరిగి వచ్చేసరికి ఒకాయన నా నంబరు కాగితం మీద రాసుకుంటున్నాడు. ఫిర్యాదు వచ్చింది. నేనింకా ప్రొబేషన్‌లోనే ఉన్నాను. జూలై ఆఖరున డిపో డాక్టరు పరీక్ష ఉంది. అందులో పాసైతేనే ఉద్యోగం ఖాయం, లేకపోతే ఇంటికే.

బోర్డు మీద ఉన్నవన్నీ ఇవాళ్టి నుంచి మానేస్తాను. ఒక్క మాట నాన్నా, నా పొట్ట సంగతి ఇంకెవరికీ చెప్పకండి.

మీ చిట్టి


మార్చి 4

నా బంగారు తల్లీ,

మొదలుపెట్టావని చదవగానే నాకు సగం ప్రాణం లేచొచ్చింది! మన చిట్టికి పట్టుదల ఎక్కువ, స్టీరింగ్ పట్టుకుంటాను అన్నప్పుడే చూశాం కదా, అన్నాను మీ అక్కతో. "ఏమీ లేదట" అన్నందుకు నొచ్చుకోకు. మీ అమ్మ విషయంలో "ఉంది" అన్న మాట విన్న చెవి ఇది. లేదంటే చాలు, గంతులేస్తుంది.

ఎవరికీ చెప్పకు అన్నావు, కానీ అప్పటికే అయిపోయింది. అయినా దానివల్ల మేలే జరిగింది చూడు. మీ పెద్దత్త, "కోడిగుడ్డు పేగుకి పగ, ముందు అది ఆపమను" అంది. బాబాయి టొమాటో గింజలు పేగుల్లో ఇరుక్కుంటాయన్నాడు. పిన్ని తనకి అరటిపండు పడదు కాబట్టి నీకూ పడదంది. మీ బావ కాఫీ, టీ రెండూ అన్నాడు. సెలూన్ ఆయన నా గడ్డం సగం గీసి ఆపి, నూనె అన్న మాటే ఇంట్లో వినపడకూడదన్నాడు. వీళ్ళందరికీ నీ మీద ఎంత ప్రేమ! ఒక్కటీ పోకుండా ఇంకో చిన్న రేకు మీద రాశాను. పెద్దదాని కింద రెండు కొక్కేలు వేసి వేలాడదియ్యి, ఇనప తీగ కూడా పెట్టాను. ఒక్కోటి మానేస్తుంటే ఒక్కో మెట్టు ఎక్కినట్టే.

ఏ మెట్టు మీద ఉన్నావో రాస్తూ ఉండు.

నిన్ను తలుచుకొని మీసం తిప్పే
మీ నాన్న


ఏప్రిల్ 12

నాన్నా,

మొదటి నెల నిజంగానే అద్భుతం. ముప్ఫై రెండు స్టాపులూ ఒక్కసారి కూడా లేవకుండా నడిపాను. అలా మొదటిసారి నడిపిన రోజు డిపోలో దిగి బస్సు రేకు మీద ఓ దెబ్బ వేశాను, గుర్రాన్ని తట్టినట్టు.

తర్వాత మీ చిన్న రేకు వచ్చింది. అదీ తగిలించాను. నిజం చెప్పనా? నాకు భయం పట్టుకుంది. ఏది తింటే మళ్ళీ మొదలవుతుందో తెలియదు కాబట్టి, ఎవరు ఏది వద్దంటే అది వద్దనిపిస్తోంది. ఇప్పుడు నా తిండి తెల్లన్నం, ఉడికించిన ఆలుగడ్డ, క్యారెట్. మూడు పూటలా అదే. బెల్టుకి మేకుతో రెండు కొత్త చిల్లులు పెట్టాను. ఏడు కిలోలు తగ్గాను.

పోయిన ఆదివారం ఈ ఊళ్ళోనే ఉండే పెద్దత్త వాళ్ళమ్మాయి భోజనానికి పిలిచింది. పెద్దత్త కూడా అక్కడికి వచ్చింది. నా డబ్బా నేను తీసుకెళ్ళాను. మూత తీయగానే అత్త అందుకుంది.

"మా వంట నీ నోటికి ఆనదా ఏమిటే?"

"అది కాదత్తా, పొట్ట బాగాలేక."

"మీ నాన్న ఊరంతా తిరిగి మా పిల్లకి ఏమీ లేదు, ఏమీ లేదు అని చెప్పాడు. ఏమీ లేనిదానికి ఈ వేషాలెందుకు మహారాణీ? బస్సు నడిపేసరికి బంధువుల చేతి ముద్ద చేదైందా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అసలు కోడిగుడ్డు మానమన్నది ఆవిడే. నా ఎదురుగా కూర్చొని గుడ్డు కూర వడ్డించబోయింది.

నాన్నా, ఇది ఎప్పటిదాకా? బోర్డు మీద ఎప్పటిదాకా అని లేదు. కాగితం మీద ఏమైనా ఉందేమో చూసి చెబుతారా?

చిట్టి


ఏప్రిల్ 25

నా చిట్టి రాణీ,

ముప్ఫై రెండు స్టాపులూ ఒక్క బిగిన! ఆ వాక్యం మీ అక్కకి నాలుగుసార్లు చదివి వినిపించాను. ఐదోసారి మొదలుపెడితే చెవులు మూసుకుంది. మన బోర్డు పని చేస్తోంది! నాకిక ఈ జన్మకి ఇంకేం కావాలి?

మీ పెద్దత్త సంగతి చదివి ఒళ్ళు మండిపోయింది. పొద్దున్నే వాళ్ళింటికి వెళ్ళి గుమ్మంలోంచే కడిగేశాను. "నా కూతురి డబ్బాతో నీకేం పని?" అన్నాను. "లేదన్నదీ నువ్వే, ఉందన్నదీ నువ్వే, ముందు నీకు నువ్వు తేల్చుకోరా" అని తలుపు వేసుకుంది. వేసుకోనీ. నీ కోసం ఎంతమందితోనైనా తగువు పడతాను.

సన్నబడ్డానంటావు. బస్సు నడిపేవాళ్ళు సన్నగా ఉంటేనే మంచిది, సీట్లో ఇరుకుండదు. మీ అమ్మ కూడా పెళ్ళినాటికి ఈనెపుల్లలా ఉండేది.

ఎప్పటిదాకా అన్నావు. కాగితం మళ్ళీ మొదటి నుంచి చివరిదాకా చదివాను, ఎక్కడా గడువు లేదు. గడువు లేదంటే ఎప్పటికీ అనే కదా. నువ్వేం బెంగ పెట్టుకోకు, నేను వేసింది అసలైన ఎనామిల్, ఇరవై ఏళ్ళు వెలిసిపోదు. నువ్వు ముసలిదానివయ్యేదాకా నీకు దారి చూపిస్తుంది.

గర్వంతో పొంగిపోతున్న
మీ నాన్న


జూన్ 9

నాన్నా,

భయపడకండి, బాగున్నాను.

శుక్రవారం పొద్దున తాళం తీసుకొని బస్సు వైపు నడుస్తుంటే డిపో ఆవరణలో పడిపోయాను. స్టీరింగ్ ముందు కాదు. బస్సులో ఎవరూ లేరు. నుదుటికి మూడు కుట్లు పడ్డాయి. ప్రస్తుతానికి నన్ను బస్సు ఎక్కనివ్వడం లేదు. జనం బస్సుల్లో మరిచిపోయిన గొడుగులూ సంచులూ పెట్టే గదిలో కూర్చోబెట్టారు.

డిపో డాక్టరు బరువు చూసి పళ్ళు కొరికింది. పెద్దావిడ, మాట కటువు. ఏం తింటున్నావంది. చెప్పాను. ఆస్పత్రి కాగితం సంగతీ, రెండు రేకుల సంగతీ చెప్పాను. మొదటిదాన్ని వింటూ సరేనని తలూపింది. రెండోది వినేసరికి, "ఇది ఏ డాక్టరు రాశాడు?" అంది. "మా అత్త, బాబాయి, పిన్ని, బావ, ఒక సెలూన్ ఆయన" అన్నాను.

నవ్వలేదు. "మొదటి రేకులో ఉన్నవాటిలో ఏవేవి వెనక్కి తెచ్చుకున్నావు?" అంది.

"వెనక్కా?"

"నెల రోజులు మానేసి, తర్వాత ఒక్కొక్కటీ తిని చూడాలి కదమ్మా. అలా చూస్తేనే కదా నీకు పడనిది ఏదో తెలిసేది! జీవితాంతం అన్నీ మానుకోమని ఎవరు చెప్పారు? ఆ కాగితం రెండో వైపు చదవలేదా?"

నాన్నా, ఆ కాగితానికి రెండో వైపు ఉందా?

పరీక్షకి ఇంకా యాభై రోజులున్నాయి. ఈ బరువుతో వస్తే సంతకం పెట్టనని ఆవిడ మొహం మీదే చెప్పింది.

చిట్టి


జూన్ 15

అమ్మా,

ఉంది.

నీ ఉత్తరం చదివి గోడ దగ్గరికి వెళ్ళాను. నా జిగురు నాకు తెలుసు, అది ఊరికే ఊడదు. వేడినీళ్ళలో గుడ్డ ముంచి, నీళ్ళు పిండేసి, కాగితం మీద అద్దుతూ కూర్చున్నాను. మధ్యాహ్నం భోజనానికి పిలిచినా లేవలేదు. అంచు నుంచి అంగుళం అంగుళం ఊడదీశాను. ఒక మూల సున్నంతో సహా ఊడింది. ఒక మూల గోడకే ఉండిపోయింది. తిప్పి చూస్తే వెనకంతా సన్నటి అక్షరాలు. జిగురు పూసేటప్పుడు అవి నా కంటికి ఆనలేదు.

నలభై ఏళ్ళు బోర్డులు రాశాను తల్లీ. బోర్డుకి వెనకవైపు ఉండదు. చెప్పాల్సిందంతా ముందువైపే ఉంటుంది, దారిన పోయేవాడు నిలబడి తిప్పి చూడడు కదా. కాగితం చేతిలోకి వచ్చినా నేను దాన్ని బోర్డులాగే చూశాను. నువ్వు ఏప్రిల్‌లో అడిగినప్పుడు కూడా ఆ ముందువైపే మళ్ళీ చదివి, గడువు లేదని రాశాను. ఎనామిల్ ఇరవై ఏళ్ళు ఉంటుందని కూడా రాశాను. ఆ వాక్యం రాసిన చేతిని ఏం చేయాలో తెలియడం లేదు.

చినిగిన మూలలో ఏముందో తెలియక మళ్ళీ ఆస్పత్రికి వెళ్ళాను. ఆ మెత్తటి గొంతావిడ ముందు కూర్చొని, "నాకు వినపడదమ్మా, సిగ్గుపడి చెప్పలేదు, అరిచి చెప్పు" అన్నాను. పాపం అరిచింది. ఆవిడ చెప్పింది చెప్పినట్టు ఇక్కడ రాస్తున్నాను. రేకు మీద కాదు, మామూలు కాగితం మీద, పెన్నుతో.

ముందువైపున్నవి నాలుగు వారాలే మానాలి. తర్వాత ఒక్కొక్కటే తిని చూడాలి. ఒకదానికి మూడు రోజులు. మొదటి రోజు కొంచెం, రెండో రోజు ఇంకొంచెం, మూడో రోజు మామూలుగా తినేంత. ఏ రోజు ఎలా ఉందో రాసుకోవాలి. నొప్పి వస్తే అక్కడే ఆపాలి. మూడు రోజులు విరామం ఇచ్చి ఇంకోటి చూడాలి. ఒంటికి పడినవన్నీ మళ్ళీ తినాలి. ఎక్కువకాలం అన్నీ మానేసి ఉంటే మనిషి నీరసించిపోతుంది. చినిగిన మూలలో ఉన్నది ఈ చివరి మాటే.

చిన్న రేకు తీసి పారెయ్యి. అందులో ఉన్నవి ఆ కాగితంలో ఒక్కటి కూడా లేదు.

కుట్లు ఎప్పుడు విప్పుతారు?

నాన్న


జూలై 6

నాన్నా,

కుట్లు విప్పారు. కనుబొమ పైన సన్నటి గీత మిగిలింది.

చిన్న రేకు తీసేసిన రోజే రెండు కోడిగుడ్లు, ఒక టొమాటో, ఒక అరటిపండు తిన్నాను. ఏమీ కాలేదు. కూర్చొని ఏడ్చాను. నర్సు వచ్చి, "టొమాటోకి ఇంత ఏడుపా? ఉల్లిపాయకి దాచుకో" అంది.

పెద్ద రేకు మీదివి మీ ఉత్తరం ప్రకారం మొదలుపెట్టాను. పాలు ముందు. అరగ్లాసు, గ్లాసు, రెండు గ్లాసులు. పొట్ట కిక్కురుమనలేదు. తర్వాత గోధుమ రొట్టె. అదీ పడింది. ఆ తర్వాత ఉల్లిపాయ. మొదటి రోజు రెండు చెంచాల ముక్కలు వేయించుకొని తిన్నాను. నాలుగు గంటలు గడిచేసరికి కడుపు ఉబ్బింది, సాయంత్రానికి మెలిపెట్టే నొప్పి, పాత నొప్పే. నేల మీద మోకాళ్ళు ముడుచుకొని పడుకున్నాను. అయినా లోపల ఎక్కడో హాయిగా ఉంది నాన్నా. దొంగ దొరికాడు. ఇన్నాళ్ళూ వీధిలో ప్రతి ఒక్కరినీ అనుమానించాను.

మూడు కిలోలు పెరిగాను. సరిపోతుందో లేదో తెలియదు.

ఇంకో సంగతి రాయాలి. మీ మీద చాలా కోపం వచ్చింది. రెండు ఉత్తరాలు రాసి చింపేశాను. వెనకవైపు చూడనందుకు కాదు. అది ఎవరైనా చేస్తారు, నేనైనా ఆస్పత్రికి ఫోన్ చేసి అడిగి ఉండాల్సింది. ఏడు కిలోలు తగ్గానని రాస్తే మీరు సీట్లో ఇరుకుండదన్నారు. నాకు బాగాలేదని రాసిన ప్రతిసారీ మీరు ఇంకా సంతోషంగా జవాబు రాశారు. మీరు అంత సంతోషంగా ఉంటే నాకు ఏడవడానికి చోటుండదు నాన్నా. పడిపోయానని రాశాక "ఉంది" అని ఒక్క మాటతో మొదలుపెట్టారు చూడండి, ఆ ఉత్తరం దిండు కింద పెట్టుకున్నాను.

ఇరవై ఎనిమిదిన పరీక్ష.

మీ చిట్టి


జూలై 29

నాన్నా,

వాళ్ళు పెట్టిన బరువు గీత దాటాను, అరకిలో పైన. డాక్టరు నా పుస్తకం అంతా తిరగేసింది, ఏ రోజు ఏది తిన్నాను, ఏమైంది అని. బీన్సు పడ్డాయి. వెల్లుల్లి కొంచెమైతే ఫరవాలేదు. యాపిల్ పడలేదు. మిగతావి ఇంకా చూడాలి. "ఇప్పుడు నువ్వు రోగిలా లేవు, కాపలాదారులా ఉన్నావు" అంది.

ఉద్యోగం మాత్రం ఖాయం కాలేదు. ఇంకో ఆరు నెలలు చూస్తారట. అప్పటిదాకా పెద్ద రూటు ఇవ్వరు. ఊరి మధ్యలో చుట్టూ తిరిగే బస్సు ఇచ్చారు, ఇరవై ఐదు నిమిషాలకోసారి డిపోకి వస్తుంది. తోటివాళ్ళు దాన్ని రంగులరాట్నం అంటారు. ఇవాళ పొద్దున మొదటి చుట్టు తిప్పాను. టెన్షన్ పడినా పొట్ట మెలితిరుగుతుందట, తిండి ఒక్కటే కాదట. ఇవాళ కొంచెం మెలితిరిగింది. అయినా పూర్తి చేశాను.

ఇది మీకు మాత్రమే రాస్తున్నాను.

చిట్టి


ఆగస్టు 2

నా తల్లీ,

స్టీరింగ్ మళ్ళీ నీ చేతికి వచ్చింది! రాట్నమైతేనేం, తిప్పేది నువ్వు!

ఇక్కడ ఆపుతున్నాను. గంతులేసే ముందు నీ మాట వినాలని నిర్ణయించుకున్నాను. ఆరు నెలలు మళ్ళీ అదే భయంతో బతకాలి నువ్వు. పొట్ట మెలితిరిగిందన్నావు. మొదటి చుట్టులో ఏ స్టాపు దగ్గర మొదలైంది? అప్పుడు ఏం చేశావు? బస్సులో ఎవరైనా ఏమన్నా అన్నారా? ఇవన్నీ రాయి. బాగాలేనివే ముందు రాయి. జవాబులో నవ్వించడానికి చూడను. నాకూ భయంగానే ఉంది. మీ అమ్మ పోయినప్పటి నుంచీ భయమేసినప్పుడల్లా పెద్దగా సంతోషపడటం అలవాటైపోయింది. అది నీకు అడ్డం పడుతుందని నువ్వు రాసేదాకా తెలియలేదు.

ఉల్లిపాయ, యాపిల్. ఈ రెండూ నా చేత్తో నీ కంచంలో పడవు.

మీకు మాత్రమే అని రాశావు. నాకది చాలా కష్టమైన పని, నీకు తెలుసు. కానీ మాటిస్తున్నాను. అయితే ఈ వార్తా, తప్పు నాదేనన్న సంగతీ కొందరికైనా తెలియాలని నాకనిపిస్తోంది. నువ్వు నాజూకులు పోతున్నావని ఇప్పటికీ అనుకుంటున్నారు. అందుకని కింద జాబితా రాస్తున్నాను. ఎవరికి చెప్పమంటావో వాళ్ళ పక్కన గుర్తు పెట్టి పంపు. గుర్తు లేనివాళ్ళకి నా నోట్లోంచి ఒక్క ముక్క రాదు.

పెద్దత్త. మూడు నెలలుగా మా ఇద్దరికీ మాటల్లేవు. గుర్తు పెడితే నేనే వెళ్ళి, తలుపు తీసేదాకా గుమ్మంలో నిలబడతాను.

పెద్దత్త వాళ్ళమ్మాయి. నువ్వు డబ్బా పట్టుకెళ్ళింది ఆ ఇంటికే.

బాబాయి. టొమాటో గింజల సంగతి చెప్పాలి. వాడికి చెప్పకపోతే నా కడుపు ఉబ్బిపోతుంది, అయినా ఆగుతాను.

పిన్ని. కంగారు మనిషి, కుట్ల సంగతి దాచి మిగతాది చెప్పనా?

బావ. చెప్పినా పట్టించుకోడు, చెప్పకపోతే అలుగుతాడు.

మీ అక్క. ఇప్పుడు పక్కగదిలో బట్టలు మడతపెడుతోంది. పోస్టు వచ్చినప్పటి నుంచీ నా మొహం చూసి, "ఏమైంది నాన్నా? చిట్టి ఏం రాసింది?" అని మూడుసార్లు అడిగింది. నీ ఉత్తరం నా చొక్కా జేబులో ఉంది. ఇంకా చెప్పలేదు.